విషయం: వాక్యూమ్ డ్రెస్సింగ్ మిషన్ ఆగిపోయినప్పుడు మీ హెల్ప్‌లైన్ ఇచ్చిన తప్పుడు సలహా

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

మా నాన్నగారికి 18 ఏళ్లుగా షుగర్. అరికాళ్లలో స్పర్శ పోయింది. చెప్పులో చిన్న రాయి ఉన్న సంగతి తెలియక సాయంత్రం దాకా నడిచారు. అలా కుడి మడమకు పడ్డ పుండు నాలుగు నెలలైనా మానలేదు. సర్జన్ గారు చచ్చిన కండ తీసేసి, వాక్యూమ్ డ్రెస్సింగ్ (పుండులో స్పాంజి పెట్టి, పైన ప్లాస్టిక్ అతికించి, లోపలి రసిని పైపు ద్వారా మిషన్‌తో లాగేసే కట్టు) పెట్టి, మిషన్ అద్దెకు తెచ్చుకోమన్నారు. మీ దగ్గర తీసుకున్నాం. పది రోజుల్లో పుండు అడుగున ఎర్రటి కొత్త కండ కనిపించింది. ఆ మేలు నేను కాదనను.

గత శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు లీకేజీ అలారం మోగింది. మిషన్ లాగే పీడనం 125 ఉండాల్సింది 40 చూపిస్తోంది. బిగుసుకుని ఉండాల్సిన స్పాంజి ఉబ్బిపోయింది. ప్లాస్టిక్ అంచులు ఒత్తి చూశాం, పైపు మడత పడిందేమో చూశాం, రసి చేరే డబ్బా మార్చాం. లాభం లేకపోయింది. మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, "కట్టు కదిలించకండి, పొద్దున్నే మనిషి వస్తాడు" అన్నారు. ఆ మనిషి ఆదివారం సాయంత్రం నాలుగింటికి వచ్చాడు.

ఆస్పత్రిలో కట్టు విప్పితే లోపల రసి నిలిచిపోయి వాసన కొట్టింది. చుట్టూ చర్మం నాని తెల్లబడింది. రోజులో రెండు గంటలకు మించి మిషన్ ఆగితే స్పాంజి తీసేసి వేరే కట్టు కట్టాలట. మీరిచ్చిన పుస్తకంలోనూ ఆ మాట ఉంది, కానీ ఇంగ్లీషులో, ఎక్కడో చివరి పేజీల్లో. నాన్నను కనిపెట్టుకుని ఉండే మా అమ్మకు ఇంగ్లీషు రాదు. నాన్నకేమో నొప్పి తెలియదు. తేడా వచ్చిందని మాకు చెప్పేది ఆ అలారం ఒక్కటే. అది చెప్పింది, మేం వెంటనే మీకు చెప్పాం. మీరు ఆగమన్నారు! ఇప్పుడు యాంటీబయోటిక్స్ వాడుతున్నాం, వాక్యూమ్ ఆపేశారు.

ఫోన్ ఎత్తగానే "మిషన్ ఆగి ఎంతసేపైంది?" అని అడగడం మీ వాళ్లకు నేర్పండి. రెండు గంటల సంగతి తెలుగులో రాసి మిషన్ మీదే అంటించండి. ఆ రెండు రోజుల అద్దె, మళ్లీ చేయించిన డ్రెస్సింగ్ ఖర్చు వెనక్కి ఇవ్వండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్తాను.

బిల్లులు, ఆ రాత్రి తీసిన ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
పేషెంటు కూతురు