తొమ్మిది రాత్రులు తక్కువైన ప్లాటినం

నల్లగొండ,
6 డిసెంబరు 2025.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం మొన్న అందింది. మూడు పేజీల్లో రెండు పేజీలు, మారియట్ హోటళ్ళ వారు తమ దగ్గర ఏడాదికి యాభై రాత్రులు బస చేసినవాళ్ళకు ఇచ్చే ప్లాటినం హోదా గురించే రాశావు కాబట్టి, పాలమూరులో ఇంటి మరమ్మతుల గురించి రాసిన మిగతా పేజీకి ఫోనులో జవాబు చెబుతాను. ఇక్కడ మాత్రం ఆ హోదా సంగతే మాట్లాడుకుందాం. ఈ ఏడాది నలభై ఒక్క రాత్రులు పూర్తయ్యాయనీ, యాభైకి ఇంకా తొమ్మిది తక్కువనీ, డిసెంబరు 31 లోపల హైదరాబాదులోనే వాళ్ళ చిన్న హోటల్ ఏదైనా చూసుకుని తొమ్మిది రాత్రులు పడుకుని వస్తే ఎలా ఉంటుందనీ అడిగావు. కూకట్‌పల్లిలో సొంత ఇల్లు పెట్టుకుని, పది కిలోమీటర్ల అవతల గది అద్దెకు తీసుకుని పడుకోవడం గురించి నువ్వు ఇంత గంభీరంగా లెక్కలు వేయడం చూసి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత, కొన్నేళ్ళ కిందట నేనూ సరిగ్గా ఇదే పని చేశానని గుర్తొచ్చి ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది.

ఆ సంగతి నీకు ఇంతవరకు చెప్పలేదు. బియ్యం రంగు చూసి ఏరే యంత్రాలు అమ్ముతూ నేను నెలకు రెండుసార్లు దేశం దాటుతున్న రోజులవి. ఏడాది చివరికి ఒక హోటల్ సంస్థలో నాకు నాలుగు రాత్రులు తక్కువపడ్డాయి. కంపెనీ సమావేశాలున్నాయని ఇంట్లో చెప్పి, నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లు కారు నడుపుకుంటూ పోయి, ఆ నాలుగు రాత్రులూ వాళ్ళ హోటల్లోనే పడుకున్నాను. నా హోదాను గౌరవించి మెరుగైన గది ఇస్తున్నామని చెప్పి పై అంతస్తులో ఒక గది ఇచ్చారు. దాని గోడ అవతలే లిఫ్టు మోటారు. తెల్లవార్లూ అది గుర్రుమంటూనే ఉంది. బల్ల మీద నా పేరు తప్పుగా రాసిన చీటీ ఒకటి, పళ్ళెంలో నాలుగు జామ ముక్కలు, చిన్న పొట్లంలో ఉప్పుకారం ఉన్నాయి. ఇంటికి వచ్చాక మా ఆవిడ సంచిలోంచి ఎనిమిది షాంపూ సీసాలు బయటికి తీసి వరుసగా పేర్చి, "సమావేశంలో వీటినే పంచారా?" అని అడిగింది. ఆ ఏడాది హోదా మిగిలింది, పరువు మిగలలేదు.

అందుకే నీకు చెప్పే యోగ్యత నాకు ఉందనుకుంటున్నాను. ప్రకాశం బజారులో కూరగాయలు కొన్నప్పుడు తూకం అయిపోయాక అమ్మేవాళ్ళు ఒక గుప్పెడు మిరపకాయలో, నాలుగు కరివేపాకు రెమ్మలో సంచిలో వేస్తారు చూడు, ఆ కొసరే ఈ హోదా. కూర కోసం వెళ్ళినవాడికి కొసరు సంతోషమే. కొసరు కోసం గంపెడు కూర కొన్నవాడిని చూసి అమ్మేవాళ్ళే లోపల నవ్వుకుంటారు. పైగా మా బజారులో గుప్పెడంటే ఎంతో మన కళ్ళకు కనిపిస్తుంది. ఈ సంస్థల గుప్పెడు ప్రతి ఏడాదీ కొలత మారుతూ ఉంటుంది.

ఈ వ్యాపారం పుట్టిన తీరు తెలిస్తే మారడం ఎందుకో నీకే అర్థమవుతుంది. అమెరికాలో 1978లో విమాన చార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. అంతవరకు అందరి టికెట్టూ ఇంచుమించు ఒకే ధర కాబట్టి గిరాకీని పట్టి ఉంచుకోవాల్సిన బాధ ఎవరికీ లేదు. నియంత్రణ పోగానే ఎవరు పది డాలర్లు తగ్గిస్తే జనం అటు పోవడం మొదలైంది. అప్పుడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు 1981 మే 1న, ఎన్ని మైళ్ళు ఎగిరితే అన్ని మైళ్ళు ఖాతాలో వేసి, అవి పోగయ్యాక ఉచితంగా టికెట్టు ఇచ్చే పథకం పెట్టారు; కొద్ది రోజులకే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు కూడా పెట్టారు. హోటళ్ళలో హాలిడే ఇన్, మారియట్ 1983లో అదే దారి పట్టాయి. ఖాతా పుస్తకం ఒకసారి తెరిచాక, ఎక్కువ కొనే గిరాకీకి ముందు వరుసలో పీట వేయడం ఏ దుకాణదారుకైనా తోచే ఆలోచనే. వెండి, బంగారం, ప్లాటినం అంటూ మెట్లు అలా వచ్చినవే.

తొలినాళ్ళలో ఈ మైళ్ళు పంచే సంస్థల్లో లెక్క కట్టినవాళ్ళు మరీ అమాయకులు. 1999లో కాలిఫోర్నియాలో డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజినీరు, ఒక తినుబండారాల కంపెనీ తన పొట్లాల మీది గుర్తులకు మైళ్ళు ఇస్తుంటే, చవకగా దొరికే పుడ్డింగు కప్పులు పన్నెండు వేల పైచిలుకు కొన్నాడు. ఖర్చు మూడు వేల డాలర్ల చిల్లర, వచ్చినవి పన్నెండున్నర లక్షల మైళ్ళు. అంత పుడ్డింగు తినలేక దానంగా ఇచ్చి, ఆ గుర్తులు కోసిపెట్టే పని కూడా దానం పుచ్చుకున్నవాళ్ళ చేతే చేయించాడు. పది లక్షల మైళ్ళు దాటినందుకు అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళ గోల్డ్ హోదా అతనికి జీవితాంతం దక్కింది. నీ తొమ్మిది రాత్రుల ఆలోచన ఈ వంశానికి చెందినదే; తేడా ఏమిటంటే, ఆయన లాభపడ్డాడు.

మా అమ్మను మొదటిసారి శంషాబాద్ విమానాశ్రయంలో, హోదా ఉన్నవాళ్ళు విమానం వేళయ్యేదాకా కూర్చునే లాంజ్‌కు తీసుకుపోయినప్పుడు ఆమె అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తే. ఇడ్లీలు, ఉప్మా, పండ్ల ముక్కలు, నాలుగు రకాల రసాలు వరుసగా పెట్టి ఉండటం చూసి, పళ్ళెం ముట్టుకోకుండానే, "ఇంత తిండి ఉత్తగనే పెడితే వీళ్ళకేం మిగుల్తది బిడ్డా?" అంది. బాగా మిగులుతుందమ్మా అని మాత్రం చెప్పాను. ఎలా మిగులుతుందో అక్కడ చెప్పే వ్యవధి లేదు. విమానయాన సంస్థలు మైళ్ళను బ్యాంకులకు టోకున అమ్ముకుంటాయి. బ్యాంకులు వాటిని క్రెడిట్ కార్డు వాడేవాళ్ళకు పంచుతాయి. డబ్బు ముందే చేతికొస్తుంది, సీటు ఇవ్వాల్సింది ఎప్పుడో. 2020లో కరోనాకు విమానాలన్నీ నేల మీద నిలబడిపోయినప్పుడు యునైటెడ్ వాళ్ళు ఈ మైళ్ళ పథకాన్నే తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకున్నారు. రెక్కలున్న విమానాల కన్నా ఈ చిట్టా పుస్తకమే అప్పు ఇచ్చేవాళ్ళకు నమ్మకమైన ఆస్తిగా కనిపించింది. మనం ఏడాది పొడవునా అపురూపంగా చూసుకునే ఆ అంకెలు ఆ పుస్తకంలోవే.

ఇక తరుగు సంగతి. ప్రభుత్వం వడ్లు కొనే ఐకేపీ కేంద్రంలో వడ్లు పోసిన రైతుకు ఆ మాట విడమరచి చెప్పనక్కర్లేదు; బస్తా మనదే అయినా ఎంత తీసేయాలో నిర్ణయించేది కాంటా దగ్గర ఉన్నవాడు. ఇక్కడా అంతే. మొదట్లో ఎగిరిన దూరానికి మైళ్ళు ఇచ్చేవారు. 2015 నుంచి అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్ వాళ్ళు, ప్రయాణికుడు టికెట్టుకు పెట్టిన ఖర్చును బట్టి ఇవ్వడం మొదలుపెట్టారు, మన ఎయిర్ ఇండియా 2024లో ఆ పద్ధతికే మారింది. ఎప్పుడో ఆరు నెలల ముందు చవకగా టికెట్టు కొని బాగా తిరిగేవాడు కింది మెట్టుకు జారాడు, చివరి నిమిషంలో కంపెనీ డబ్బుతో కొనేవాడు పై మెట్టుకు ఎక్కాడు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆఖరి విమానం నడిపింది. ఆ మరునాడు ఆ సంస్థ ప్లాటినం కార్డు పట్టుకున్నవాడికీ, జీవితంలో విమానం ఎక్కనివాడికీ తేడా లేకుండా పోయింది. హోదా మనది కాదు, వాళ్ళది. మనం ఉద్దెరకు తెచ్చుకుని వాడుకుంటున్నాం.

ఇప్పుడు నీ లెక్కకు వస్తాను. రాత్రికి 6,000 చొప్పున తొమ్మిది రాత్రులకు 54,000, జీఎస్టీ అయిదు శాతం కలిపితే 56,700 రూపాయలు. గది అద్దె 7,500 దాటిందంటే పన్ను 18 శాతం, అది గమనించుకో. మూడు గదులు ఒకేసారి తీసుకుని మూడు రాత్రుల్లో ముగించవచ్చని నీ తెలివికి తట్టే ఉంటుంది. హోటళ్ళు మైళ్ళకు బదులు ఇచ్చే పాయింట్లు మూడు గదులకూ వస్తాయి గానీ, హోదాకు పనికొచ్చే రాత్రి మాత్రం నువ్వు పడుకున్న ఒక్క గదికే లెక్క. ఆ ఖర్చుకు నీకు సుమారు 9,000 పాయింట్లు వస్తాయి, ఎక్కడైనా చిన్న ఊళ్ళో ఒక రాత్రి గదికి సరిపోతాయి. వచ్చే ఏడాది నీ కొత్త ఉద్యోగంలో పదిహేను రాత్రులకు మించి బయట ఉండనని నువ్వే రాశావు. అప్పుడు ప్లాటినం వల్ల దక్కేవి పదిహేను పొద్దుటి ఫలహారాలు, కొన్ని సాయంత్రాలు లాంజ్‌లో టీ, బిస్కట్లు. నేను ఎంత ఉదారంగా ధర కట్టినా ఇరవై వేలు దాటడం లేదు. మిగతా ముప్పై ఆరు వేలూ హోటల్ రిసెప్షన్ బల్ల దగ్గర పిల్లవాడు తెర చూసి చదివే "మళ్ళీ స్వాగతం" అన్న మాటకు చెల్లిస్తున్నావు.

ఆ మాటకు విలువ లేదని నేను అనను. నాకూ అది ఇష్టమే. మా నాన్న ముప్పై ఏళ్ళు దేవరకొండ బస్సులో బడికి వెళ్ళి పాఠాలు చెప్పాడు. ఆయన రావడం ఒక్క నిమిషం ఆలస్యమైతే కండక్టరు తన దస్తీ తీసి రెండో వరుస కిటికీ సీటు మీద వేసి ఉంచేవాడు. ఏ కార్డూ అడగలేదు, ఏ రాత్రులూ లెక్కపెట్టలేదు. మా నాన్న బస్టాండులోకి నడిచి వచ్చేటప్పుడు ఆయన ముఖంలో కనిపించే ఆ చిన్న దర్జా కోసమే నేను ఇన్నేళ్ళు హోటళ్ళ రిసెప్షన్ బల్లల దగ్గర వెతుక్కున్నానేమోనని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

పనికొచ్చేవి కొన్ని ఉన్న మాట నిజమే. సాయంత్రం నాలుగింటిదాకా గది ఉంచుకోవచ్చన్న వెసులుబాటు మాత్రం నేను అన్నిటికన్నా పైన పెడతాను. రాత్రి పదకొండింటి విమానానికి మధ్యాహ్నం పన్నెండింటికే గది ఖాళీ చేసి, చెమట చొక్కాతో పెట్టె ఈడ్చుకుంటూ తిరిగినవాడికే దాని రుచి తెలుస్తుంది. విమానాల్లో, సంస్థల కూటమి అయిన స్టార్ అలయన్స్ వారి గోల్డ్ హోదా ఉంటే ఇరవై కిలోల బరువు అదనంగా తీసుకుపోనిస్తారు. యంత్రాల విడిభాగాలు మోసిన నాకు అది ఎన్నిసార్లు గట్టెక్కించిందో. ముందుగా రావాల్సిన పెట్టె అని ఎర్రగా చీటీ కట్టిన నా పెట్టె ఒకసారి బెల్టు మీద అందరికన్నా చివర వచ్చిందనుకో, అది వేరే కథ.

కాబట్టి నా మాట విని ఆ తొమ్మిది రాత్రులూ ఇంట్లోనే పడుకో. నువ్వు పోయిన ఏడాది సంపాదించిన ప్లాటినం ఈ డిసెంబరుతో పోదు, ఫిబ్రవరి చివరిదాకా ఉంటుంది. ఆ తర్వాత కూడా ఇరవై అయిదు రాత్రులు దాటావు కాబట్టి గోల్డ్‌కు దిగుతావు. ఆ ఫలహారం, లాంజ్ పోతాయి, నాలుగింటికి బదులు రెండింటికి గది ఖాళీ చేస్తావు, అంతే. ఉన్న పాయింట్లతో సంక్రాంతి తర్వాత రెండు రాత్రులు లాంజ్ ఉన్న మంచి హోటల్లో గది తీసుకుని అమ్మనూ నాన్ననూ వెంటబెట్టుకుని వెళ్ళు. లాంజ్‌లోకి నీతోపాటు ఒక్కరినే రానిస్తారు, కాబట్టి పొద్దున అమ్మను, సాయంత్రం నాన్నను తీసుకుపో. ఎవరు ముందన్న పంచాయితీ వస్తే నన్ను ఇరికించకు.

ఈసారి మా తోటలో బత్తాయి బాగానే కాసింది. వచ్చే ఆదివారం చౌటుప్పల్ దాకా పని మీద వస్తున్నాను. పెద్ద అంబర్‌పేట దగ్గరికి నువ్వు రాగలిగితే రెండు సంచులు అందిస్తాను. వీలవుతుందో లేదో శనివారం లోపల ఫోను చెయ్యి.

ఇట్లు,
నీ నల్లగొండ మిత్రుడు