2024–25 వార్షిక నివేదిక: లక్ష్మీపతిగారిని చదువుకున్న ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో మీరు ఒక కోరిక కోరారు. పండుగలు, వనభోజనాలతో పాటు, ఈ చెన్నైలో మన తెలుగువాళ్లు చేసిన పెద్ద పనులేమిటో పిల్లలకు తెలిసేలా ఏదైనా చేయమన్నారు. అందుకని ఈ ఏడాది ఇంగ్లీషు వైద్యం, ఆయుర్వేదం రెండూ నేర్చుకున్న డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారిని ఎంచుకున్నాం. సంక్రాంతి, ఉగాది ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఖర్చుల వివరాలు కోశాధికారిగారు విడిగా చదువుతారు.

ఆయన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన సభ్యుల్లో ఒకరు లేబుల్ లేని చూర్ణాన్ని నెలల తరబడి వాడి, కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రిలో చేరారు. ఇప్పుడు కోలుకుంటున్నారు. ఆ పొట్లంలో ఏముందో ఇంట్లోవాళ్లకు తెలియదు, డాక్టర్లు అడిగితే చెప్పలేకపోయారు. ఆ వారమంతా మాలో చాలామందికి ఒకటే టెన్షన్. ఎందుకంటే అలాంటి పొట్లాలు మా ఇళ్లలోనూ ఉన్నాయి. అందుకే రెండు వైద్యాలూ తెలిసిన మనిషి గురించి చదువుకోవాలనిపించింది.

లక్ష్మీపతిగారు 1880లో పశ్చిమ గోదావరి జిల్లా మాధవరంలో పుట్టారు. మద్రాసులో ఇంగ్లీషు వైద్యం చదివి డాక్టరయ్యారు. ఆ తర్వాత పండిత గోపాలాచార్యులుగారి దగ్గర శిష్యుడిగా చేరి ఆయుర్వేదం నేర్చుకున్నారు. పట్టా చేతికొచ్చిన డాక్టరు మళ్లీ శ్లోకాల దగ్గర కూర్చోవడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. ఆయన భార్య రుక్మిణీ లక్ష్మీపతిగారు 1946లో ప్రకాశంపంతులుగారి మంత్రివర్గంలో ఆరోగ్యశాఖ చూశారు. ఈ సంగతి చెప్పినప్పుడు మన పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆయన గురించి ఈ ఏడాది జరిపిన నాలుగు సభల్లో మూడోది అందరికీ గుర్తుండిపోయింది. ఆ రోజు విషయం శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములను పొట్టనబెట్టుకుంది. అదే జబ్బు ఆయనకూ వస్తే నయం చేసింది లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యమే. తర్వాత సుబ్బారావుగారు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. ఆయుర్వేద మందులను కొత్త శాస్త్రపు పద్ధతిలో పరిశోధించడం అక్కడే మొదలుపెట్టారు. అమెరికా వెళ్లాక, 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను తయారుచేసింది. స్ప్రూ రోగులకు పనికొచ్చిన మందుల్లో అదొకటి. ఇది విని మన సభ్యుల్లో ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు.

నాలుగో సభలో వాదన గట్టిగానే జరిగింది. వేల ఏళ్లుగా వాడుతున్న మందుకు మళ్లీ పరీక్ష దేనికని కొందరు అడిగారు. దానికి జవాబుగా సర్పగంధ అనే మందు మొక్క కథ చెప్పాం. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఆ వేరు రక్తపోటును తగ్గిస్తుందని రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగుల ఫలితాలను ఇంగ్లండు పత్రికలో ప్రచురించాకే ప్రపంచం దానివైపు చూసింది. 1952లో అందులోంచి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. దిగులు లాంటి దాని చెడు ఫలితాలు కూడా జాగ్రత్తగా గమనించడం వల్లే బయటపడ్డాయి. పరీక్ష పెట్టడమంటే ఆయుర్వేదాన్ని అవమానించడమని అనుకోవద్దని కార్యవర్గం తరఫున మనవి.

మేడమీద మందు మొక్కల తోట కూడా మొదలైంది. బ్రాహ్మి కావాలని రెండు నర్సరీల్లో అడిగితే ఒకచోట సరస్వతి ఆకు, ఇంకోచోట నీటిబ్రాహ్మి ఇచ్చారు. రెండూ వేరువేరు మొక్కలు, వాడుకలో పేరు మాత్రం ఒకటే. రెండింటినీ పక్కపక్కనే నాటి, తెలుగు పేరు, శాస్త్రీయ నామం రాసిన పలకలు పెట్టాం. ఎండాకాలంలో నీళ్లు పోసే మనిషి లేక తులసి, నేలవేము ఎండిపోయాయి. తప్పు మాదే. ఈసారి వంతులు వేసుకుంటాం.

ఈ ఏడాది లక్ష్మీపతిగారి పాత పుస్తకాలు సేకరించాలనుకుంటున్నాం. ఎవరి అటక మీదైనా ఉంటే కార్యదర్శికి చెప్పండి, స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తాం. రాబోయే సమావేశానికి ఇద్దరు ఆయుర్వేద వైద్యులు, ఒక ఫార్మసిస్టు వస్తామన్నారు. మీ ఇంట్లో వాడుతున్న చూర్ణాలు, లేహ్యాలు, భస్మాలు డబ్బాలతో సహా తీసుకురండి. లేబుల్ లేనివి తప్పకుండా తెండి.