ఈ వసంతంలో ట్రిలియం నారు ఎందుకు ఇవ్వలేకపోతున్నామంటే

చెట్ల నీడన పెరిగే అడవి పూల మొక్క ట్రిలియం. మా నర్సరీ నుంచి ఈ వసంతంలో మీకు అందవలసిన దాని నారు మొక్కలను ఇవ్వలేకపోతున్నాము. ముందుగా సొమ్ము కట్టి, రెండేళ్లుగా ఓపికగా ఎదురుచూసిన మీకు కారణం దాచకుండా చెప్పడం నా బాధ్యత. బ్లడ్‌రూట్, హెపాటికా, వైల్డ్ జింజర్ అనే మిగతా అడవి మొక్కలు మా సొంత విత్తనంతో పెంచినవి కనుక ఆరోగ్యంగా ఉన్నాయి. అవి అనుకున్న సమయానికే అందుతాయి.

రెండేళ్ల కిందటి వేసవిలో మా తల్లి మొక్కల కాయలు ముదరకముందే కుళ్లిపోవడంతో, మొట్టమొదటిసారి బయటి నుంచి విత్తనం తెప్పించవలసి వచ్చింది. చెట్ల నీడన పెరిగే ఈ అడవి పూల విత్తనాలలో చాలావాటికి తడి ఆరిపోవడమే పెద్ద గండం. ట్రిలియం విత్తనాన్ని అంటిపెట్టుకుని కొవ్వు నిండిన మెత్తని కండ ఒకటి ఉంటుంది. చీమలు ఆ కండ కోసం విత్తనాన్ని పుట్టలోకి మోసుకుపోయి, కండ తినేసి, గింజను అక్కడే వదిలేస్తాయి. అలా అది ఎండకు ఆరిపోకముందే చల్లని మట్టిని చేరుకుంటుంది. అందుకే కాయలోంచి తీసిన రోజే తడి నాచులో చుట్టి పంపాలని సరఫరాదారుకు రాతపూర్వకంగా తెలియజేశాము, వారు ఒప్పుకున్నారు కూడా. తీరా వచ్చిన కవరు చేతిలోకి తీసుకోగానే లోపల గింజలు గలగలలాడాయి. ఆ చప్పుడుకే నా గుండె జారిపోయింది. విప్పి చూస్తే, ఉబ్బుగా ఉండవలసిన కండ గోధుమరంగు దారపు పోగులా ముడుచుకుపోయి ఉంది. బ్లేడుతో రెండు గింజలు కోశాను. తెల్లగా గట్టిగా ఉండవలసిన లోపలి భాగం పెంకును వదిలి కుంచించుకుపోయింది. అడిగితే, విత్తనమన్నాక ఎవరైనా ఎండబెట్టే పంపుతారని, మొలవకపోతే లోపం మా పెంపకంలోనే ఉంటుందని జవాబు వచ్చింది. 18 ఏళ్లుగా ఇదే పని చేస్తున్న నాకు ఆ మాట నేటికీ మింగుడుపడలేదు.

ట్రిలియం విత్తనానికి సాధారణంగా రెండు చలికాలాలు కావాలి: మొదటిది గడిచాక వేరు దిగుతుంది, రెండోది గడిచాక గానీ ఆకు పైకి రాదు. తొలి ఏడాది మట్టి పైన ఏమీ కనిపించదు గనుక, గింజలను నానబెట్టి 40 ట్రేలలో విత్తి, కొన్నయినా బతికి ఉంటాయని ఆశపడ్డాను. అప్పుడే మీకు చెప్పకపోవడం నా తప్పు, క్షమించండి. ఈ వసంతంలో 40 ట్రేలలోనూ కలిపి పైకి వచ్చిన ఆకులు 11.

సరిగ్గా ఇదే సమయంలో, పూతకు వచ్చిన ట్రిలియం దుంపలను కావలసినన్ని ఇస్తామని ఒకరు ముందుకు వచ్చారు. వాటితో మీ ఆర్డర్లన్నీ తీర్చేయవచ్చు, ఈ ఏడాది నష్టం కూడా తప్పుతుంది. మూడు రాత్రులు దీని మీద నిద్ర పట్టలేదు. మాతో పనిచేసేవారి జీతాలు ఒకవైపు, మీకిచ్చిన మాట ఒకవైపు కళ్లముందు మెదిలాయి. కానీ నమూనాగా పంపిన దుంపల వేళ్ల మధ్య అడవి మట్టి, కుళ్లిన ఆకుల పొర, పక్క చెట్టు వేరు ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. కుండీలో పెరిగిన మొక్కకు అవి ఎక్కడి నుంచి వస్తాయి? విత్తనం నుంచి పూత రావడానికి ఏడేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టే మొక్కను అడవిలోంచి తవ్వి తెచ్చి, మా పేరు రాసిన చీటీ కట్టి మీ చేతికి ఇవ్వలేను. వాటిని తిప్పి పంపేశాను. అది వ్యాపారానికి చేటు అని ఇంట్లోవారు అన్నా నా నిర్ణయం మారలేదు, మారదు. ఇకమీదట బయటి విత్తనం కూడా కొనము. మా కాయలు ఎన్ని గింజలిస్తే అన్ని మొక్కలే ఉంటాయి.

సొమ్ము వెనక్కి కావాలనుకునేవారు ఒక్క మాట రాస్తే చాలు, మొత్తం తిరిగి పంపుతాము. వేచి ఉంటామనేవారి పేర్లు ఇప్పుడున్న వరుసలోనే ఉంటాయి. అయితే ఈ వేసవిలో విత్తేవి మొలకలై మీకు చేరడానికి మళ్లీ రెండు చలికాలాలు పడతాయని గమనించగలరు. పాత ట్రేలను మాత్రం పారేయడం లేదు. చావని గింజ ఏదైనా ఇంకా నిద్రలోనే ఉండవచ్చు గనుక, ఆకు ఎరువు కప్పి మరో చలికాలం చూస్తాను.

బయటి నుంచి తెప్పించిన ఆ విత్తనాన్నే మీలో కొందరు ప్యాకెట్లుగా కూడా తీసుకున్నారు. దయచేసి ఆ కుండీలను ఖాళీ చేయకండి, నీడలోనే ఉంచి మట్టి తడి ఆరిపోకుండా చూడండి. అలా ప్యాకెట్లు తీసుకున్న మీ అందరికీ ఈ వేసవిలో మా తోటలో కాయలు పగిలిన వారంలోపే, తడి నాచులో చుట్టిన తాజా విత్తనం ఉచితంగా పంపుతాము. అందిన రోజే విత్తండి.