చనిపోయాక సంతకం పెట్టిన ఆటగాడి బ్యాట్ గురించి మంత్రి గారికి బహిరంగ లేఖ

వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. దొంగ సంతకమున్న బ్యాట్‌ను అసలైనదని సర్టిఫికెట్ ఇచ్చిన ఒక సంస్థ గురించి మీ శాఖకు నేను రాయడం ఇది నాలుగోసారి. మొదటి అర్జీకి "అందింది" అని మెసేజ్ వచ్చింది. రెండోదానికి "పరిశీలనలో ఉంది" అన్నారు. మూడోదానికి ఏకంగా "మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారు" అని అడిగారు. ఏం పరిష్కారమైందో నాకైతే అర్థం కాలేదు. బ్యాట్ నా దగ్గరే ఉంది, డబ్బు మాత్రం తిరిగి రాలేదు. గోడకు చెప్పుకోవడం కంటే నలుగురికి చెప్పుకోవడం మేలని ఈసారి ఇలా బహిరంగంగా రాస్తున్నాను.

ఆటల జ్ఞాపికలకు అసలైనవని సర్టిఫికెట్లు ఇచ్చే నిపుణుల పేర్లను మీ శాఖ రిజిస్టర్‌లో నమోదు చేసే సంగతి మీకు తెలిసిందే, మళ్లీ ఏకరువు పెట్టను. రిజిస్టర్ తెస్తామన్నారు, తెచ్చారు. ఫారం నింపి ఫీజు కట్టినవాళ్లందరి పేర్లూ అందులోకి ఎక్కాయి. వాళ్లకు సంతకం చూడటం వచ్చా రాదా అని ఎవరైనా పరీక్షించారా అంటే, లేదు. ఫలితం ఏమిటంటే, నన్ను ముంచిన సంస్థ ఇప్పుడు తన సర్టిఫికెట్ మీద "ప్రభుత్వ నమోదు పొందినది" అని ఇంకో లైను అచ్చు వేసుకుంటోంది. ఇంతకుముందు వాళ్ల మాట ఒక్కటే ఉండేది, ఇప్పుడు దానికి మీ ముద్ర కూడా తోడైంది. చాలా సంతోషం.

నా బ్యాట్ కథ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మూడు అర్జీల్లో చెప్పినా ఎవరూ చదివినట్టు లేదు. అది ఒక పాతకాలపు ఆటగాడి సంతకం ఉన్న క్రికెట్ బ్యాట్. ఆయన ఇప్పుడు లేడు. పేరు రాయడం లేదు, ఈ గొడవలోకి ఆ పెద్దమనిషిని లాగడం నాకిష్టం లేదు. చిన్నప్పుడు రేడియో పక్కన కూర్చుని ఆయన స్కోరు విన్నవాణ్ణి, అంతే. రిటైర్మెంట్ డబ్బుల్లో నా కోసం కొనుక్కున్న వస్తువు అదొక్కటే. బ్యాట్ వచ్చింది, దానితో పాటు మందపాటి కాగితం మీద సర్టిఫికెట్, కింద నంబరుతో మెరిసే హోలోగ్రామ్ స్టిక్కరు, "మా నిపుణుల బృందం క్షుణ్ణంగా పరిశీలించింది" అని ఒక వాక్యం. ఇంకేం కావాలి? గాజు పెట్టెలో పెట్టించి రోజూ చూసుకునేవాణ్ణి.

ఎనిమిది నెలలు అలా చూశాక ఒకరోజు పెట్టె తుడుస్తుంటే బ్యాట్ వెనక వైపు ఉన్న కంపెనీ గుర్తు మీద చూపు ఆగింది. నేను చిన్నప్పుడు ఆడిన బ్యాట్ల మీద ఆ గుర్తు ఇలా ఉండేది కాదు. సరే, మనకే మతిమరుపేమో అనుకుని పాత కేటలాగులు, పాత పత్రికల ప్రకటనలు వెతికాను. వారం రోజులు అదే పని. తేలిందేమిటంటే, ఆ డిజైన్ ఆ ఆటగాడు చనిపోయిన తర్వాత వచ్చింది. ఆయన పోయాక తయారైన బ్యాట్ మీద ఆయనే సంతకం పెట్టాడన్నమాట. దాన్ని నిపుణుల బృందం క్షుణ్ణంగా పరిశీలించిందన్నమాట.

సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు రాస్తే వచ్చిన జవాబు ఫ్రేము కట్టించి బ్యాట్ పక్కన పెట్టదగ్గది. "మా అభిప్రాయం సంతకానికి సంబంధించినది మాత్రమే, సంతకం ఉన్న వస్తువుకు సంబంధించినది కాదు" అన్నారు. అంటే సంతకాన్ని చూశారు, బ్యాట్‌ను చూడలేదు. గాల్లో ఉంటుందా సార్ సంతకం? సర్టిఫికెట్ వెనక్కి తిప్పి చూస్తే నిజంగానే అలాంటి మాటలే ఉన్నాయి, చీమ తలకాయంత అక్షరాల్లో. ఇది హామీ కాదు, అభిప్రాయం మాత్రమే. అభిప్రాయం తప్పయితే బాధ్యత లేదు. తిరిగి పరిశీలించాలంటే మళ్లీ ఫీజు కట్టాలి, పరిశీలించేది మళ్లీ వాళ్లే. ముందు వైపు పెద్దక్షరాల్లో "అసలైనది", వెనక వైపు చిన్నక్షరాల్లో "ఏమో".

మీ శాఖ చేసిన పని దీనికంటే గొప్పది. రెండో అర్జీ తర్వాత మీ ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి, మర్యాదగానే మాట్లాడి, "మీరు నిపుణులు కాదు కదండీ, నమోదైన నిపుణుడి నివేదిక జత చేస్తే ఫిర్యాదు ముందుకు కదులుతుంది" అన్నారు. సరే అని మీ రిజిస్టర్‌లోంచే నలుగురికి రాశాను. ఇద్దరు జవాబివ్వలేదు. ఒకాయన "తోటివారి సర్టిఫికెట్ ఉన్న వస్తువు మీద మేం వ్యాఖ్యానించం" అన్నారు. నాలుగో ఆయన ఫోన్లో నవ్వి, "మీరు చెప్పింది నిజమేనండీ, ఆ సంతకం కూడా మెల్లగా గీసింది, చూడగానే తెలుస్తుంది, కానీ కాగితం మీద రాసివ్వను" అన్నారు. నిపుణుడి మీద ఫిర్యాదు చేయాలంటే నిపుణుడు కావాలి, నిపుణుడేమో నిపుణుడి మీద రాయడు. ఈ గానుగ చుట్టూ నన్ను తిప్పుతున్నది ఆ సంస్థ కాదు మంత్రి గారూ, మీ రూలు.

ఆ నాలుగో ఆయన మాట విన్నాక భూతద్దం కొన్నాను. నేనూ కాస్త నేర్చుకున్నాను మరి. చెయ్యి తిరిగిన మనిషి తన సంతకం తాను పెట్టేటప్పుడు మలుపుల దగ్గర ఆగడు, పెన్ను జారుకుంటూ పోతుంది, చివర గీత సన్నబడి మాయమవుతుంది. చూసి గీసేవాడు మలుపు దగ్గర ఒక క్షణం ఆగుతాడు, ఆగిన చోట ఇంకు చుక్కలాగా చిక్కబడుతుంది. నా బ్యాట్ మీద సంతకంలో అలాంటి చుక్కలు ఐదు ఉన్నాయి. చివరి గీత సన్నబడలేదు, కత్తిరించినట్టు ఆగిపోయింది. ఒక మామూలు భూతద్దానికి కనిపించింది బృందానికి కనిపించలేదు.

ఇదేదో నా ఒక్కడి దురదృష్టం అనుకుంటారేమో, అసలు ఈ వ్యాపారం చరిత్రే ఇది. అమెరికాలో 1990లలో ఎఫ్‌బీఐ "ఆపరేషన్ బుల్‌పెన్" అని దొంగ సంతకాల ముఠాల మీద ఒక దర్యాప్తు చేసింది. పట్టుబడిన సరుకులో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి. ఒక్క క్షణం ఆలోచించండి, మదర్ థెరిసా, బేస్‌బాల్ బంతి. ఆ ముఠాలు అమ్మిన సరుకుకు సర్టిఫికెట్లు లేవనుకుంటున్నారా? శుభ్రంగా ఉన్నాయి. సంతకాలు తయారు చేయగలిగినవాడికి కాగితం తయారు చేయడం ఒక లెక్కా?

అది దొంగల సంగతి అనుకుందాం. దొరల సంగతి చూడండి. హోనస్ వాగ్నర్ అనే పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ ఉన్న ఒక కార్డు ఉంది, ఇలాంటివి సేకరించేవాళ్లలో దాని పేరు తెలియనివాళ్లు లేరు. 1991లో హాకీ దిగ్గజం వేన్ గ్రెట్‌జ్కీ, ఇంకొకరు కలిసి 4,51,000 డాలర్లకు దాన్ని కొన్నారు. కార్డు ఎంత బాగుందో చూసి 10కి ఇన్ని అని గ్రేడు వేసే పీఎస్‌ఏ అనే సంస్థ గ్రేడు ఇచ్చిన మొట్టమొదటి కార్డు అదే, 10కి 8 ఇచ్చింది. 2007లో అది 28 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 2013లో, ఒకప్పుడు దాన్ని అమ్మిన బిల్ మాస్ట్రో అనే వేలం వ్యాపారి, విలువ పెరగడానికి ఆ కార్డు అంచులు తానే కత్తిరించానని కోర్టులో ఒప్పుకున్నాడు. అంచులు కత్తిరించిన కార్డుకు అలాంటి గ్రేడు ఇవ్వకూడదు, అది ఆ వ్యాపారంలో ఓనమాలు. ఇరవై రెండేళ్ల పాటు ప్రపంచంలోనే పేరున్న కార్డు మీద ఆ అంకె అలాగే నిలబడింది. కత్తిరించినవాడు నోరు విప్పేదాకా సంగతి రుజువు కాలేదు. పట్టుకున్నది గ్రేడు ఇచ్చినవాళ్లు కాదు, ఒప్పుకున్నది నేరస్థుడు.

ఇంకో సంగతి, ఇది కాస్త పక్కదారే కానీ చెప్పకుండా ఉండలేను. షూలెస్ జో జాక్సన్ అని పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడు, చదవడం రాయడం రాదు. ఆయన తరఫున చాలాసార్లు భార్య కేటీయే సంతకం పెట్టేది. అలాంటి సంతకాల మధ్య ఆయన సొంత చేతిదేదో తేల్చాలంటే ఎంత ఓపిక కావాలి, ఎన్ని అసలు నమూనాలు పక్కన పెట్టుకుని చూడాలి, ఎన్నిసార్లు "మాకు తెలియదు" అని ఒప్పుకోవాలి! నిజమైన నిపుణుడు తరచుగా అనాల్సిన మాట అదే. నా చేతిలో ఉన్న సర్టిఫికెట్ ఫారంలో ఆ మాటకు గడి కూడా లేదు. ఎలా ఉంటుంది, తెలియదు అంటే వస్తువు అమ్ముడుపోదు, వస్తువు అమ్ముడుపోకపోతే అమ్మేవాడు రేపు ఇంకో నిపుణుడి దగ్గరికి పోతాడు. ఫీజు ఇచ్చేది అమ్మేవాడు. పైగా వస్తువు విలువ పెరిగేకొద్దీ ఫీజు పెరిగే పద్ధతి కూడా ఉంది. అంటే అది అసలైనది అయితేనే నిపుణుడికి లాభం. ఇలాంటి ఏర్పాటులో "అసలైనది కాదు" అనే నిపుణుడు ఉంటే ఆయనకు నేనే దండ వేస్తాను.

మంచిగా చేయడం అసాధ్యమా అంటే కాదు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2001 నుంచి ఒక పద్ధతి ఉంది. మ్యాచ్ జరుగుతున్నప్పుడే మైదానంలో మనిషి ఉంటాడు, ఎక్కువగా పోలీసు ఉద్యోగం చేసినవాళ్లనే పెడతారు, బంతి ఆటలోంచి బయటికి రాగానే అక్కడికక్కడే నంబరున్న హోలోగ్రామ్ అతికిస్తాడు. ఆయన అభిప్రాయం చెప్పడు, చూసింది చెప్తాడు. ఆ పద్ధతి ఎందుకు వచ్చిందంటే, బుల్‌పెన్ దెబ్బ ఒకటి, టోనీ గ్విన్ అనే ఆటగాడు తన సొంత జట్టు స్టోరులోనే తన పేరుతో దొంగ సంతకాలున్న సరుకు చూడటం ఇంకొకటి. సంతకం ఎవరిదో ఆ మనిషే వచ్చి "నాది కాదు" అంటే తప్ప కదలని లోకం ఇది. నా ఆటగాడు వచ్చి చెప్పలేడు సార్, చెప్పాను కదా, లేడు.

పాత వస్తువులకు సాక్షి దొరకడు, నిజమే. అప్పుడు కూడా పని చేసి చూపించవచ్చు. 1986 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ మీద మారడోనా చేత్తో గోల్ కొట్టినప్పుడు వేసుకున్న జెర్సీ 2022లో 71 లక్షల పౌండ్లకు పైగా పలికింది. వేలానికి ముందు మారడోనా కూతురు అది ఆ గోల్ పడిన రెండో సగంలో వేసుకున్నది కాదని అభ్యంతరం చెప్పింది. వేలం సంస్థ ఆనాటి ఫోటోలతో జెర్సీని పోల్చి చూపించి జవాబిచ్చింది. ఆ మ్యాచ్ కోసం అర్జెంటీనా వాళ్లు అప్పటికప్పుడు మెక్సికో సిటీ దుకాణంలో నీలం చొక్కాలు కొని, బ్యాడ్జీలు కుట్టించి, వెండిరంగు నంబర్లు ఇస్త్రీ పెట్టెతో అతికించుకున్నారు. హడావుడిగా చేసిన పని కాబట్టి ఏ రెండు చొక్కాలూ ఒక్కలా ఉండవు, బ్యాడ్జీ ఒకదాని మీద కాస్త పైకి, నంబరు ఇంకోదాని మీద కాస్త పక్కకి. ఆ వంకరే సాక్ష్యం. నమ్ముతారా లేదా అన్నది కొనేవాడిష్టం, కానీ ఎందుకు నమ్మాలో బల్ల మీద పెట్టారు. నాకు ఇచ్చిందేమిటి? ఒక స్టిక్కరు. ఏ నమూనాతో పోల్చారు, ఎవరు పోల్చారు, ఫోటోలో చూశారా చేతిలో పట్టుకుని చూశారా, ఏదీ లేదు. సంతకం నిజమో కాదో చెప్పే కాగితం మీద సంతకం చేసినవాడి పేరు కూడా లేదు మంత్రి గారూ, "నిపుణుల బృందం" అని రబ్బరు ముద్ర ఉంది!

నేనడిగేది పెద్దదేం కాదు. రిజిస్టర్‌లో పేరు ఎక్కించే ముందు ఒక పరీక్ష పెట్టండి. అసలువీ నకిలీవీ కలిపి, ఏది ఏదో చెప్పకుండా ముందు పెట్టండి. ఎన్ని సరిగ్గా చెప్పారో పేరు పక్కన రాయండి. డ్రైవింగ్ లైసెన్సుకు కూడా బండి నడిపించి చూస్తారు కదా. చూసిన మనిషి పేరు, ఎందుకు అసలైనదన్నాడో కారణం సర్టిఫికెట్ మీద ఉండాలి. తప్పని తేలితే ఆ సర్టిఫికెట్ రద్దయినట్టు అందరికీ కనిపించాలి, నా బ్యాట్ నంబరు ఇవాళ్టికీ వాళ్ల సైట్లో పచ్చ టిక్కుతో "ధ్రువీకరించబడింది" అని చూపిస్తోంది, రేపు నేను చెడ్డవాణ్ణయితే ఇదే టిక్కు చూపించి ఇంకొకడికి అంటగట్టొచ్చు. అన్నింటికంటే ముందు, నిపుణుడి మీద ఫిర్యాదుకు నిపుణుడి నివేదిక అడిగే ఆ రూలు తీసేయండి. ఇవన్నీ కుదరకపోతే ఆ ఒక్కటైనా తీసేయండి. అదీ కుదరకపోతే నా ఫిర్యాదు "పరిష్కారమైంది" అన్న ముక్కయినా మార్చండి, అది చూసినప్పుడల్లా బీపీ పెరుగుతోంది.

నేను డబ్బు కోసమే ఇదంతా చేస్తున్నానని మీ ఆఫీసులో అనుకుంటున్నారని విన్నాను. డబ్బు కావాలి, ఎందుకు వద్దు, అది నా కష్టార్జితం. కానీ దానికంటే కోపం ఎక్కడంటే, ఎనిమిది నెలలు రోజూ పొద్దున్నే ఆ గాజు పెట్టె ముందు నిలబడి, ఈ బ్యాట్‌ను ఆయన చెయ్యి తాకింది కదా అనుకునేవాణ్ణి. ఎవడి చెయ్యి తాకిందో ఇప్పుడు నాకు తెలియదు. మనవడు "తాతయ్యా, ఇది ఎవరి సంతకం" అని అడిగితే ఏం చెప్పాలో మీరైనా చెప్పండి.

బ్యాట్ వెనక వైపు గుర్తు ఫోటో, పాత ప్రకటనల ఫోటోలు, సర్టిఫికెట్ రెండు వైపులా, మూడు అర్జీల నంబర్లు మళ్లీ జత చేస్తున్నాను. ఆటగాడు చనిపోయిన తేదీ, బ్యాట్ డిజైన్ వచ్చిన ఏడాది పక్కపక్కన రాసి ఎర్ర గీత గీశాను. వాటిలో ఏది ముందో ఏది వెనకో చూడటానికి నిపుణుడు అక్కర్లేదు, మీ ఆఫీసులో ఎవరు చూసినా చాలు.

ఇట్లు,
రెండో అర్జీలో "నిపుణుడు కాదు" అనిపించుకున్న ఒక కొనుగోలుదారుడు