బ్యాటరీలు కాదు, వైరింగ్ మార్చండి: బయటి ఎమర్జెన్సీ లైట్ల గురించి ఫిర్యాదు

విశాఖపట్నం,
17 నవంబర్ 2025

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: చీకటి పడితే లైట్లు వేసి, తెల్లారితే ఆర్పే ఆటోమేటిక్ సెన్సార్ వైరింగ్ తప్పుగా చేయడం వల్ల ఎమర్జెన్సీ లైట్లు అవసరానికి వెలగకపోవడం.

అయ్యా,

మా అపార్ట్‌మెంట్ బయటి మెట్లకు, ర్యాంపుకు, గేటు దాకా ఉన్న దారికి కలిపి మీ కంపెనీ వాళ్లు జూన్‌లో 14 ఎమర్జెన్సీ లైట్లు బిగించారు. బిల్లు 1,86,000 రూపాయలు మొత్తం కట్టేశాం. అప్పటినుంచి నాలుగుసార్లు ఫిర్యాదు చేశాం. నాలుగుసార్లూ మీ టెక్నీషియన్ వచ్చి రెండో మూడో బ్యాటరీలు మార్చి వెళ్లిపోయాడు. లోపం బ్యాటరీల్లో లేదు. మీరు లాగకుండా వదిలేసిన ఒక వైరులో ఉంది.

అక్టోబర్ 23న సాయంత్రం 6:20కి వాన పడుతుండగా కరెంటు పోయింది. లైట్లు నాలుగు నిమిషాలు వెలిగి, ఒకదాని వెనక ఒకటి ఆరిపోయాయి. అప్పుడే గుడి నుంచి వస్తున్న రెండో అంతస్తు పెద్దావిడ తడి మెట్ల మీద జారి పడ్డారు. మణికట్టు విరిగింది. ఆవిడకు 71 ఏళ్లు. ఇప్పటికీ చేతికి కట్టు ఉంది, అన్నం కోడలు కలిపి పెడుతోంది. ఆ మెట్ల దగ్గర లైట్లు ఉండాలని సంఘం మీటింగులో పట్టుబట్టింది ఆవిడే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకటి చూసినవాళ్లం కనుకే ఇంత డబ్బు పోగుచేసి ఈ లైట్లు పెట్టించుకున్నాం.

నేను 30 ఏళ్లు ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. నవంబర్ 9 ఆదివారం తెల్లవారుజామునే వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పట్టుకుని మెట్ల దగ్గర కూర్చున్నాను. ఆరు గంటలకు వెలుతురు రాగానే సెన్సార్ టక్కుమంది. లైటు కింద ఛార్జింగ్ చూపించే పచ్చ దీపం ఆరిపోయింది. కానీ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. ఎండలో ఎవరికీ కనిపించదు గానీ, దగ్గరికెళ్లి చేయి అడ్డం పెట్టి చూస్తే వెలుతురు తెలుస్తోంది. పదకొండున్నరకి మసకబారింది. పన్నెండుంబావుకి పూర్తిగా ఆరిపోయింది. ఆ క్షణంలో బ్యాటరీ 10.4 వోల్టులు చూపించింది, అంటే ఖాళీ అయిపోయినట్టే. ఇక సాయంత్రం సెన్సార్ మళ్లీ సప్లై ఇచ్చేదాకా దానికి ఛార్జింగే లేదు.

కారణం ఇది. ఇలాంటి ఎమర్జెన్సీ లైటుకు రెండు ఫేజు వైర్లు వెళ్లాలి. ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండేది. బ్యాటరీ ఛార్జ్ అయ్యేది దాంతోనే, కరెంటు పోయిందని లైటు కనిపెట్టేదీ దాంతోనే. రెండోది సెన్సార్ ద్వారా వచ్చేది. మామూలు రోజుల్లో చీకటి పడితే వెలగడానికి, తెల్లారితే ఆరడానికి. మీ వాళ్లు మొత్తం సప్లైనే సెన్సార్ గుండా పంపి, రెండు టెర్మినళ్లకూ లింకు వేసి ఒకే ఫేజు ఇచ్చేశారు. దాంతో తెల్లారి సెన్సార్ సప్లై తీయగానే కరెంటు పోయిందనుకుని లైటు బ్యాటరీ మీదకు వెళ్తోంది. పది వాట్ల ల్యాంపుకు 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కొత్తదైనా ఏడెనిమిది గంటలకు మించి రాదు. రోజూ అడుగంటా ఖాళీ చేస్తుంటే ఏ బ్యాటరీ అయినా కొన్ని నెలల్లో చచ్చిపోతుంది. మీరు మార్చిన కొత్తవీ అలాగే పోయాయి.

మీ టెక్నీషియన్ వచ్చిన నాలుగుసార్లూ ఉదయం పది ప్రాంతంలోనే వచ్చాడు. "చూడండి సార్, బాగానే వెలుగుతున్నాయి కదా" అని చూపించాడు. కరెంటు ఉండగా, పట్టపగలు ఆ లైట్లు ఎందుకు వెలుగుతున్నాయని ఒక్కసారైనా అనుమానం రావద్దా? పాపం, ఆ కుర్రాణ్ని నేను తప్పుపట్టను. అతని చేతికి వైరింగ్ డయాగ్రం ఇవ్వాల్సింది మీరు.

పగలు కరెంటు పోతే లైట్లు వెలగకూడదని మేం అడిగిన మాట నిజమే. దానికోసం ఛార్జింగ్ సప్లై కట్ చేయకూడదు. బ్యాటరీ నుంచి ల్యాంపుకు వెళ్లే దారిలో వెలుతురు సెన్సార్ ఉన్న లైట్లు ఇవ్వాలి. అది కుదరదంటే పగలు వెలిగినా ఫర్వాలేదు, రాత్రి మాత్రం వెలగాలి.

ఇంకో రెండు విషయాలు. ర్యాంపు దగ్గరి సెన్సార్‌ను లైటుకు ఎదురుగానే పెట్టారు, లైటు వెలగ్గానే ఆ వెలుతురు పడి ఆరిపోతోంది, మళ్లీ వెలుగుతోంది. మూడు లైట్లకు కేబుల్ పై నుంచి దించి గ్లాండ్ (కేబుల్ లోపలికి వెళ్లే చోట నీళ్లు దూరకుండా బిగించే మూత) లేకుండా టేపు చుట్టారు. లోపల నీళ్లు చేరి టెర్మినళ్లు తుప్పుపట్టాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇలాంటి పని ఎలా నిలుస్తుంది?

ప్యానెల్ నుంచి 14 లైట్లకూ ఎప్పుడూ కరెంటు ఉండే ఫేజు వైరు విడిగా లాగండి. ఆ వైరు, సెన్సార్ వైరు రెండూ ఒకే ఎంసీబీ (లోపం వస్తే తనంతట తానే కరెంటు ఆపే స్విచ్) నుంచి రావాలి. ఒకే లైటులోకి వేర్వేరు ఫేజులు తెస్తే ప్రాణాపాయం. నెలనెలా మేమే పరీక్షించుకోవడానికి ఒక టెస్ట్ స్విచ్ పెట్టండి, డయాగ్రం ప్యానెల్ తలుపుకు అంటించండి. మొత్తం 14 బ్యాటరీలూ ఉచితంగా మార్చండి, కానీ వైరింగ్ సరిచేశాకే. ముందు మారిస్తే అవీ పోతాయి. పని అయిన మర్నాడు సాయంత్రం ఏడింటికి, మీ ఇంజినీర్ ఎదురుగా మెయిన్ ఆపుతాం. నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్పినట్టు 90 నిమిషాలు వెలగాలి. పెద్దావిడ వైద్యానికైన 38,400 రూపాయల బిల్లులు జతచేస్తున్నాను, అవీ మీరే భరించాలి.

15 రోజుల్లో పని మొదలుకాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాం. ఆదివారం నాడు తీసిన ఫోటోలు, వోల్టేజీ రాసుకున్న కాగితం నా దగ్గర ఉన్నాయి.

మీ మనిషిని పంపే ముందురోజు ఫోన్ చేయండి. సెల్లార్‌లోని ప్యానెల్ గది తాళం నా దగ్గరే ఉంటుంది. ఈసారి సాయంత్రం పూట పంపండి.

ఇట్లు,
కార్యదర్శి,
అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘం