వీర్యం ముందే భద్రపరచాలి, చూర్ణాలను నమ్ముకుంటే చాలదు

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. విశాఖలో రేడియేషన్ చికిత్సకు ఉత్తరాంధ్ర జిల్లాలన్నిటి నుంచీ రోగులు వస్తారు. వాళ్లలో పెళ్లికాని కుర్రాళ్లూ ఉంటారు. రేడియేషన్ వల్ల వాళ్లకు పిల్లలు పుట్టే శక్తి పోవచ్చు. తులసి, ఉసిరి, తిప్పతీగ, అశ్వగంధ వాడితే సంతానానికి ఢోకా ఉండదన్న మాట వాళ్లదాకా వస్తోంది. అందులో కొంత నిజం ఉండటమే చిక్కు.

రేడియేషన్ ఒంట్లోని నీటి అణువులను చీల్చి, హాని చేసే ముక్కలైన ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. అవి డీఎన్ఏను తెంపుతాయి, వీర్యకణాల పొరలోని కొవ్వును పాడుచేస్తాయి. మొక్కల్లోని యాంటీఆక్సిడెంట్లు వాటిని కొంతవరకు అణచగలవు. తులసిలోని ఓరియెంటిన్, విసెనిన్ అనే పదార్థాలు రేడియేషన్ నుంచి ఎలుకల ఎముక మజ్జను కాపాడాయి. వేరే మొక్కల సారాలతో ఎలుకల వృషణాల్లోనూ మేలు కనిపించింది. కానీ అలాంటి ప్రయోగాల్లో చాలావాటిలో సారాన్ని ముందే ఇచ్చి, రేడియేషన్ ఒక్కసారే పెడతారు. మన రోగికి కటి భాగంలో 45 నుంచి 50 గ్రేలను (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) 25 విడతలుగా ఇస్తారు. వృషణాలను నేరుగా గురిపెట్టకపోయినా చెదిరిన కిరణాలు రోజూ కొంత తగులుతాయి. మిగతా అవయవాలకు విడతలు మేలు చేస్తాయి, వృషణాలకు మాత్రం కీడే. 0.15 గ్రేకే వీర్యకణాల సంఖ్య పడిపోతుంది, 2, 3 గ్రేలు దాటితే ఏళ్ల తరబడి కణాలే ఉండకపోవచ్చు, 6 దాటితే శాశ్వతంగా పోవచ్చు. టెస్టోస్టెరాన్ తయారుచేసే కణాలు ఇంతకంటే చాలా ఎక్కువ మోతాదును తట్టుకుంటాయి. అందుకే మగతనంలో తేడా తెలియదు, నష్టం పెళ్లయ్యాక బయటపడుతుంది.

ఇంకో భయం ఉంది. కణితిని చంపేదీ ఎక్కువగా ఆ ఫ్రీ రాడికల్సే. 2005లో వెలువడిన కెనడా పరీక్షలో, తల, మెడ క్యాన్సర్ రోగులకు రేడియేషన్ సమయంలో విటమిన్ ఇ ఎక్కువ మోతాదులో ఇస్తే, అది వాడినంతకాలం క్యాన్సర్ తిరగబెట్టడం లేదా కొత్త క్యాన్సర్ రావడం పెరిగింది. అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. చికిత్స రోజుల్లో డాక్టరుకు చెప్పకుండా ఏ చూర్ణమూ మింగకూడదు.

ఇప్పుడు చేయదగ్గది వీర్యం భద్రపరచడం. రేడియేషన్, కీమో ఏదీ మొదలుపెట్టక ముందే చేయాలి. మొదలయ్యాక కణాలు కనబడినా వాటి డీఎన్ఏ దెబ్బతిని ఉండొచ్చు. రెండు మూడు రోజుల ఎడంతో రెండు మూడు నమూనాలు చాలు. వ్యవధి లేకపోతే ఒక్కటైనా ఇక్సీకి (ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతికి) పనికొస్తుంది. వెడల్పు మూతి ఉన్న శుభ్రమైన డబ్బాలో పట్టాలి. సబ్బు, నూనె, ఉమ్మి తగలకూడదు. ఫ్రిజ్‌లో పెట్టకుండా, ఒంటి వెచ్చదనంతో గంటలోపు ల్యాబుకు చేరాలి. అక్కడ చిన్న గొట్టాలలో పంచి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాస్తారు. అరకు, పాడేరు నుంచి వచ్చే రోగి ఆ గంటలో ఇంటి నుంచి చేరలేడు కాబట్టి ఆసుపత్రిలోనే తలుపు గడియ పెట్టుకునే ఒక గది ఉండాలి. చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ అది లేకే చాలామంది వెనక్కి తగ్గుతారు.

కాబట్టి విశాఖలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో వీర్య బ్యాంకు పెట్టండి. సేకరణ, నిల్వ ఖర్చును ఎన్టీఆర్ వైద్య సేవ భరించేలా చూడండి. కటి భాగానికి రేడియేషన్ ఇచ్చేటప్పుడు వీలున్న ప్రతిచోటా వృషణాలకు సీసపు కవచం వాడాలని ఆదేశించండి. అంగీకార పత్రంలో రెండు ప్రశ్నలు చేర్చండి: పిల్లలు కావాలా? ఏ మూలికలు వాడుతున్నారు?

షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారాల్లో రేడియేషన్ వెలువరించే ఇరీడియంతో వెల్డింగు అతుకులను ఎక్స్‌రేలా ఫోటోలు తీసే కార్మికులకూ ఇదే చెప్పాలి. దూరం, తక్కువ సమయం, సీసం వాళ్లను కాపాడతాయి, ఎంత రేడియేషన్ తగిలిందో డోస్ బ్యాడ్జీ చెబుతుంది. చూర్ణం వాటికి బదులు కాదు.

మొక్కల మీద నమ్మకం మాకూ ఉంది. అందుకే ఆంధ్రా యూనివర్సిటీ ఫార్మసీ విభాగం, ఆంధ్రా మెడికల్ కాలేజీ కలిసి, కణితికి రక్షణ కలగకుండా వృషణాలకు మాత్రమే మేలు జరుగుతుందా అని మొదట జంతువుల్లో, విడతల రేడియేషన్‌తోనే పరీక్షించేలా నిధులివ్వండి.

ఇట్లు,
విశాఖపట్నంలో క్యాన్సర్ వైద్యం, రేడియేషన్ భద్రత, ఔషధ మొక్కల రంగాల్లో పనిచేస్తున్నవాళ్లం