రేగుకంప బంజరు కాదు

సంపాదకులకు నమస్కారాలు.

ఎలుగుబంటి ఊరి పొలిమేరలోకి వచ్చిందనీ, చేనుకు నీళ్ళు కట్టడానికి వెళ్ళిన రైతును గాయపరిచిందనీ అనంతపురం జిల్లా పేజీలో ఏటా చదువుతూనే ఉన్నాము. ఎలుగు ఏ వీధిలో తిరిగిందో, అటవీ సిబ్బంది ఎన్ని గంటలకు వచ్చారో వార్తలో వివరంగా ఉంటుంది గాని, అంతకుముందు అది ఏమి తిని బతికేదో, ఆ తిండి ఏమైందో మాత్రం ఉండదు. కల్యాణదుర్గం ప్రాంతంలో ముప్పై ఏళ్ళు బడిపంతులుగా పనిచేసినవాణ్ణి. ఇప్పటికీ పాతిక మేకలున్న ఇంటివాణ్ణి. ఆ విషయం నాకు తెలిసినంత మేర చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను చెప్పదలచినదంతా రేగుకంప గురించే.

మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం ఆగస్టు నుంచి అక్టోబరు లోపలే కురిసి ఆగిపోతుంది. దీపావళి దాటి నెల తిరిగేసరికి గుట్టల మీద గడ్డి ఎండి, పిడికిట నలిపితే పొడి అవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, వేరు లోతుకు దిగి తడిని వెతుక్కోగల రేగు కాయ పట్టి, మార్గశిరం నుంచి మాఘం దాకా విడతలు విడతలుగా పండుతుంది. గుట్ట అంచుల్లో, వంకల వెంట, చేల గట్ల మీద రేగుతోపాటు పరికి, కలివి, బలుసు, కానరేగు కూడా కలిసి పెరుగుతాయి. మనకు ఇవన్నీ చిరుతిండి. భోగినాడు పిల్లల తల మీద పోయడానికి ఒక సేరు, దంచి వడియాలు పెట్టుకోవడానికి రెండు సేర్లు ఏరుకుంటే మన అవసరం తీరిపోతుంది. గుట్టను నమ్ముకున్న జీవాలకు మాత్రం అది మూడు నెలల గ్రాసం.

రెండేళ్ళ క్రితం పుష్యమాసంలో మేకల వెంట గుట్ట ఎక్కినప్పుడు, ఒక బండ పక్కన రాత్రి ఎలుగు వదిలి వెళ్ళిన మలం కనిపించింది. పుల్లతో విడదీసి చూశాను. ఎర్రటి రేగు తొక్కలు, వాటి మధ్య పగలని టెంకలు, అక్కడక్కడ చీమల తలలు తప్ప వేరే ఏమీ లేవు. టెంకలను లెక్కపెడుతూ నూట నలభై దాకా వచ్చి, మేకలు దూరమైపోవడంతో విడిచిపెట్టాను. ఎలుగుకు పై దవడలో ముందరి పళ్ళు రెండు ఉండవు. పుట్టలోని చెదలను గాలితోపాటు పీల్చుకోవడానికి ఆ సందు దానికి అనుకూలమని చెబుతారు. నేల మీద రాలిన రేగుపండ్లను కూడా అది పెదవులతో ఊడ్చినట్టు ఏరుకుంటుంది, నమలడం తక్కువ, మింగడం ఎక్కువ. అందుకే టెంక చెడకుండా ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకు చేరుతుంది. తల్లిచెట్టు నీడలోనే రాలిపోయిన గింజకు ఆ అవకాశం లేదు.

మేక తినే తీరు వేరు. వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు కాళ్ళను కొమ్మకు ఆనించి, ముళ్ళ సందుల్లోకి పెదవి దూర్చి పండును మాత్రమే లాగుతుంది. ఆ నేర్పు గొర్రెకు లేదు, అది కింద రాలినవాటితో సరిపెట్టుకుంటుంది. సాయంత్రం దొడ్డికి చేరి నెమరు వేసేటప్పుడు, ముద్దతోపాటు పైకి వచ్చిన గట్టి టెంకలు నాలుకకు తగిలితే మేక వాటిని పక్కకు ఉమ్మేస్తుంది. చలికాలం రాత్రి దొడ్డి పక్కన పడుకున్నవారికి ఆ టెంకలు బండ మీద రాలే చప్పుడు చిరపరిచితం. తెల్లవారి దొడ్డి ఊడిస్తే చీపురుకు పెంటికలతో సమానంగా టెంకలూ వస్తాయి. నల్లమలలో చుక్కల జింకలు ఉసిరికాయలు తిని గింజలను వదిలిపెట్టేదీ ఇలాగే, నెమరులోనే. దొడ్డిలోని ఎరువు చేనుకు పోతుంది, మంద కట్టించుకున్న చేనులో గొర్రెలు నేరుగానే గింజలు వదులుతాయి. ఎవరూ నాటకుండానే మా వైపు ప్రతి గట్టు మీదా ఒక రేగుచెట్టు ఎలా నిలబడిందని నా విద్యార్థులు అడిగితే నేను చెప్పే సమాధానం ఇదే.

గుంటనక్క విషయంలో నేనే ఒక తప్పు దిద్దుకోవలసి వచ్చింది. అది మాంసాహారి అని ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాణ్ణి, దారి మధ్య రాయి మీద అది వదిలి వెళ్ళిన మలంలో నిండా రేగు టెంకలు చూశాక ఆ వాక్యం మార్చి చెప్పడం మొదలుపెట్టాను. పగలు మేకలు, కోయిలలు, పికిలి పిట్టలు, గోరువంకలు. చీకటి పడ్డాక నక్క, ఎలుగు, అడవిపంది. ఒకే కంప కింద ఇన్ని నోళ్ళు వంతుల ప్రకారం తిని వెళ్ళడం ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. పండ్లు చాలినంత ఉన్న రోజుల్లో ఈ వంతులు పెద్దగా తప్పవు.

ఇది ఒక్క కల్యాణదుర్గం సంగతి కాదు. నంద్యాల జిల్లా రోళ్ళపాడులో 1988లో అభయారణ్యం ఏర్పాటు చేసింది ప్రధానంగా బట్టమేక పక్షి కోసం. మీటరు ఎత్తున ఉండే ఆ భారీ పక్షి మిడతలతోపాటు కాలం వచ్చినప్పుడు రేగుపండ్లనూ తింటుంది. ఇప్పుడక్కడ దాని దర్శనమే గగనమైపోయింది. అందుకు కారణాలు చాలా ఉన్నాయి, నెపమంతా రేగు లేకపోవడం మీద వేయను. కడప జిల్లా లంకమల అడవుల పక్కన 1986లో మళ్ళీ కనిపించేదాకా 1900 తరువాత ఎవరి కంటా పడని కలివి కోడికి ఆ పేరు కలివి పొదల వల్లనే వచ్చింది. అది తినేది పురుగులనే గాని కలివి పండ్లను కాదు. కానీ దానికి మరీ దట్టం కాని, మరీ బోడి కాని పొదల నేల కావాలి. మేకలు మేయడం, కట్టెలు కొట్టుకునేవారు తిరగడం కూడా ఆ నేలను అలా ఉంచడానికి కొంత తోడ్పడతాయని ఆ పక్షిని పరిశీలించినవారు చెప్పారు. మేకలు అడవికి శత్రువులని ఒకే మాటలో తేల్చేసేవారు ఈ సంగతి గమనించాలని కోరుతున్నాను.

ఇంత తిండి పెట్టే నేలకు మన కాగితాల్లో ఉన్న పేరు బంజరు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కేంద్ర ప్రభుత్వ భూవనరుల శాఖతో కలిసి రూపొందించే బంజరు భూముల అట్లాసులో పొదల భూమి కూడా ఒక తరగతి. ఉపగ్రహం పొదలను చూడగలదు గాని వాటి కింద రాత్రిపూట ఎవరు భోజనం చేస్తున్నారో చూడలేదు కదా. ఒకసారి బంజరు అని రాసుకున్నాక ఆ భూమిని దేనికైనా వాడుకోవచ్చునన్న భావం పై నుంచి కింది దాకా పాకిపోతుంది.

మా ఊరి గుట్ట కింద జరిగింది ఇదే. మూడేళ్ళ క్రితం ఒక వేసవిలో, మొక్కలు నాటే పని దక్కించుకున్న గుత్తేదారు ఒకరు రెండు జేసీబీలతో వచ్చి, దాదాపు నలభై ఎకరాల కంపను పదిహేను రోజుల్లో వేళ్ళతో సహా పెకలించారు. మా వైపు కంప అన్న మాటకు రెండు అర్థాలున్నాయి: సర్కారు కంప (అంటే సర్కారు తుమ్మ) ఒకటి, రేగుకంప ఒకటి. కాపరికి ఆ రెంటికీ భూమ్యాకాశాల తేడా, యంత్రానికి రెండూ ఒకటే. గుంతలు తీశారు, మొక్కలు పెట్టారు, బోర్డు పాతారు. నీళ్ళు పోసే నాథుడు లేక ఆ మొక్కల్లో ఎక్కువ భాగం మరుసటి ఎండాకాలానికే ఎండిపోయాయి. పెకలించిన నేలలో తనంతట తాను లేచింది సర్కారు తుమ్మ ఒక్కటే.

ఆ సర్కారు తుమ్మ కథ కూడా మన సీమలోనే మొదలైంది. కట్టెల కరువు తీర్చడానికని మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ కోరగా, 1870ల చివర జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించారు. దాని తియ్యటి కాయలను మేకలూ గొర్రెలూ పశువులూ ఇష్టంగానే తింటాయి. కరువు నెలల్లో అవి ఆదుకున్న మాట నిజం. అయితే రేగు గింజను నెమరులో ఉమ్మేసే మేక ఈ చిన్న గింజను మింగి పెంటికలతో పాటు వదులుతుంది, గింజ వెళ్ళిన చోటల్లా గుబురు లేస్తుంది, ఆ గుబురు కింద రేగు బతకదు. లంటానా పొద మరీ అన్యాయం: దాని నల్లటి పండ్లను పిట్టలు తిని కొండంతా వెదజల్లుతాయి, ఆకు తిన్న పశువుకు మాత్రం కామెర్లు వచ్చి తోలు పుండ్లు పడుతుంది.

కంప పోయిన మరుసటి పుష్యమాసంలో, బోరు కింద వేసిన వేరుశనగ చేలను ఎలుగులు తవ్వడం మొదలుపెట్టాయి. అంతకుముందు ఎప్పుడూ రాలేదని అనను. అప్పుడప్పుడు వచ్చేవి, ఆ ఏడాది నుంచి వరుసగా వస్తున్నాయి. ఒక్క ఊరి అనుభవంతో సిద్ధాంతం చేయకూడదని నాకు తెలుసు. ఎలుగును చంపితే శిక్ష ఉంది, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది ఒకటో షెడ్యూలులోని జంతువు. దాని మేతను జేసీబీతో ఎత్తేస్తే, ఆ నేల అటవీ హద్దుకు ఒక్క గజం ఇవతల ఉన్నా, అడిగే అధికారి లేడు.

కంప ఉంటే పాములూ పందులూ చేరతాయని మా ఊళ్ళోనే కొందరి అభ్యంతరం. ఇళ్ళ మధ్య, బడి చుట్టూ, బాట పక్కన కంప కొట్టవలసిందే. ఆ విషయంలో వారితో నాకు భేదం లేదు. మా మేకల వాళ్ళ తప్పులూ దాచను. కాపు మీద ఉన్న కొమ్మలను మచ్చుకత్తితో నరికి మందకు వేయడం, సంక్రాంతి ముందు అమ్మకానికి గడకర్రతో పొదంతా బాది పచ్చికాయలతో సహా దులపడం మానుకోవాలి. తెల్లవారుజామున చీకటితో రేగుపండ్లకు వెళ్ళడం మరీ ప్రమాదం, అది ఎలుగు ఇంకా కంప కింద ఉండే వేళ. ఎండ వచ్చాక, నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ వెళితే అది ముందే పక్కకు తప్పుకుంటుంది.

గుట్టల పాదాన ఉన్న పంచాయతీ భూముల్లో పని మంజూరు చేసే ముందు, అక్కడ ఏ పండ్ల పొదలున్నాయో కాపరులను వెంట తీసుకుని ఒక్క పూట నడిచి రాసుకోమని జిల్లా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. యంత్రం తేవాలనుకుంటే సర్కారు తుమ్మ మీదికి తేవచ్చు. కాపరులే దగ్గరుండి చూపిస్తారు. ఉపాధి హామీ కింద నాటే మొక్కల్లో రేగు, కలివి, ఈత, నేరేడు చేర్చాలి. సరిహద్దు అవతల బళ్ళారి వైపు 1994లో ఏర్పడిన దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యంలో బండల మీద బెల్లం పాకం పూసి ఎలుగులను రప్పిస్తారు. చూసేవారికి అది వేడుకే గాని, మా గుట్టలకు అలాంటి ఏర్పాటేమీ అక్కరలేదు, ఉన్న పొదలను ఉండనిస్తే చాలు.

రేగు నారుకు విత్తనం దొరకదని ఒక నర్సరీలో నాకు చెప్పారు. టెంకను మెల్లగా చిట్లగొట్టి లోపలి గింజ వేస్తే మొలక త్వరగా వస్తుంది. టెంకలు కావలసినవారు మాఘమాసంలో ఏ మేకల దొడ్డికి వెళ్ళినా ఊడ్చి బస్తాకు ఎత్తుకోవచ్చు. మా దొడ్డిలో ఈ ఏటివి వేరుగా కుప్ప పోయించి ఉంచాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
కల్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా